ఫోన్ దాటాక వీడియో గతేంటి? కెమెరా రివ్యూల్లో కనిపించని ఆ ఒక్క లైన్

ఫోన్ రివ్యూకి మనందరికీ అలవాటైన వరస ఒకటుంది. డిస్‌ప్లే, ప్రాసెసర్, బ్యాటరీ, ఆ తర్వాత కెమెరా. కెమెరా దగ్గరికొచ్చేసరికి పగటి ఫోటో, రాత్రి ఫోటో, జూమ్, స్టెబిలైజేషన్ చూసి పదికి ఇన్ని మార్కులని వేసేస్తాం. ఆ ఫోన్‌లో తీసిన వీడియోని బయటికి తీసి వేరే కంప్యూటర్‌లో పెడితే తెరుచుకుంటుందా, ఎడిట్ అవుతుందా అన్నది మాత్రం ఎక్కడా కనపడదు. రివ్యూ చేసేవాళ్లు ఆ వీడియోని తమ కొత్త ల్యాప్‌టాప్‌లోనే చూస్తారు, యూట్యూబ్‌కి ఎక్కిస్తారు, అక్కడితో అయిపోతుంది. మామూలు జనం దగ్గర వీడియో ప్రయాణం అక్కడితో అయిపోదు.

నేను చెప్పదల్చుకున్నది సూటిగా చెప్పేస్తా. వీడియో ఒక సిస్టమ్ నుంచి ఇంకో సిస్టమ్‌కి వెళ్లాల్సి ఉంటే, కోడెక్‌ని ఎంచుకోవాల్సింది తీసే ఫోన్‌ని చూసి కాదు. ఆ దారిలో ఉన్న మెషీన్లన్నిటిలో పాతది ఏదో, దాన్ని చూసి. కొత్త కోడెక్ అంటే మంచి కోడెక్ అనే మాట స్పెక్ షీట్ వరకే నిజం.

మాది భద్రాచలం వైపు. ఖమ్మంలో బీటెక్ చేసి ఇప్పుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నా. కొత్తగూడెం, పాల్వంచ దాటాక రోడ్డుకి రెండు పక్కలా అడవే. గోదావరి బ్రిడ్జి దిగితే భద్రాచలం, అక్కణ్నుంచి దుమ్ముగూడెం, చర్ల, ఆపైన ఛత్తీస్‌గఢ్. శ్రీరామనవమి కల్యాణం, ముక్కోటికి తెప్పోత్సవం, కోయ గూడేల్లో పండుగలు, పెళ్లిళ్లు, వరదలు... మా దగ్గర వీడియో తీయడానికి కారణాలకేం తక్కువ లేదు. 2022 జులైలో గోదావరి 71 అడుగులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేదే 53 అడుగులకి, ఇక ఊహించుకోండి. 1986లో 75.6 అడుగులు వచ్చిందని పెద్దవాళ్లు చెప్తుంటే వింటాం, 2022 వరదని మాత్రం ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు ఫోన్‌లో తీశారు. ఇప్పుడడిగితే నాకు తెలిసిన చాలామంది దగ్గర మిగిలింది వాట్సాప్‌లో నాలుగు చేతులు మారిన మసక కాపీలే. ఫోన్ మారింది, మెమరీ నిండింది, అసలు ఫైలు పోయింది.

వరదని లక్షమంది చూశారు కాబట్టి అది ఎక్కడో ఒకచోట ఉంటుందిలే అనుకోవచ్చు. అన్నీ అలాంటివి కావు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారి పేరు మీలో కొందరు విని ఉంటారు. కోయ డోలి కళాకారుడు. సమ్మక్క సారలమ్మల కథ, కోయ వంశాల చరిత్ర పాటగా చెప్పేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో కన్నుమూశారు. డోలి వాళ్ల దగ్గర ఆ చరిత్ర పుస్తకంలో ఉండదు. పడిగె అనే బొమ్మల గుడ్డ, డోలు, గొంతు, అంతే. పాడే మనిషి వెళ్లిపోతే మిగిలేది ఎవరో ఒకరు తీసిన రికార్డింగే. ఆ రికార్డింగ్ ఏ కోడెక్‌లో ఉంది, ఏ డబ్బాలో ఉంది, పదేళ్ల తర్వాత ఏ కంప్యూటర్ దాన్ని తెరుస్తుంది అన్నది అప్పుడు గీక్ ప్రశ్న కాదు.

సౌండ్ వస్తోంది, బొమ్మ రావట్లేదు

దుమ్ముగూడెం అవతల ఒక గూడెంలో ఇలవేల్పుల కొలుపు జరిగినప్పుడు ఒక పెద్దాయన నలభై నిమిషాలు ఏకధాటిగా పాడారు. మూడు చోట్ల నుంచి తీశారు. ఒకటి హైదరాబాద్ నుంచి వచ్చిన బంధువు ఖరీదైన ఫోన్, ఒకటి ఊరి కుర్రాడి పన్నెండు వేల ఫోన్, ఇంకోటి భద్రాచలంలో స్టూడియో నడిపే అన్న పాత కెమెరా. ఎడిటింగ్ కూడా మూడు చోట్లే. అన్న దగ్గర నాలుగో తరం ఐ5 డెస్క్‌టాప్, విండోస్, ఎనిమిది జీబీ ర్యామ్, ఎప్పటిదో పాత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్. హైదరాబాద్‌లో ఒక ఫ్రెండ్ దగ్గర మ్యాక్‌బుక్, ఫైనల్ కట్. నా దగ్గర లైనక్స్. అంటే మూడు కెమెరాలు, మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌లు. ఇదేదో వింత సెటప్ కాదు, జిల్లాల్లో ఏ చిన్న ప్రాజెక్టు చూసినా ఇలాగే ఉంటుంది.

మొదటి ఫోన్ కాల్ అన్న దగ్గర్నుంచి. "తమ్ముడూ, సౌండ్ వస్తోంది, బొమ్మ రావట్లేదు." ఆ వెంటనే ఇంకో మాట కూడా అన్నాడు, "రెండూ ఎంపీ4లే కదా, ఒకటి వచ్చి ఒకటి రాకపోవడమేంది?"

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. ఎంపీ4, ఎంఓవీ, ఎంకేవీ అన్నవి బస్తాలు. బస్తా చూసి లోపల బియ్యమో వడ్లో చెప్పలేం కదా, విప్పి చూడాల్సిందే. ఒక ఎంపీ4లో 2003లో వచ్చిన హెచ్.264 ఉండొచ్చు, ఇంకో ఎంపీ4లో 2013లో వచ్చిన హెచ్.265, అదే హెచ్‌ఈవీసీ ఉండొచ్చు. 2017లో ఐఓఎస్ 11తో ఆపిల్ హెచ్‌ఈవీసీకి మారాక మిగతా ఫోన్లు కూడా ఒక్కొక్కటే అటు నడిచాయి. ఫైలు సైజు సగానికి దగ్గరగా తగ్గుతుంది కాబట్టి కంపెనీలకి లాభం, మనకీ లాభం. ఐఫోన్ సెట్టింగ్స్‌లోనే రాసి ఉంటుంది చూడండి, 4కె 30 ఫ్రేముల వీడియో నిమిషానికి హెచ్‌ఈవీసీలో 170 ఎంబీ, హెచ్.264లో 350 ఎంబీ.

లాభం ఫోన్‌కి, భారం కంప్యూటర్‌కి. ఇంటెల్‌లో 8 బిట్ హెచ్‌ఈవీసీని హార్డ్‌వేర్‌లో విప్పే సదుపాయం ఆరో తరంతో వచ్చింది, 10 బిట్‌కి ఏడో తరం కావాలి. అన్న దగ్గరున్నది నాలుగు. విండోస్ సొంత యాప్‌లలో హెచ్‌ఈవీసీ చూడాలంటే స్టోర్‌లో విడిగా డబ్బులిచ్చి ఎక్స్‌టెన్షన్ కొనుక్కోవాలి. చిన్న మొత్తమే, కానీ కొనాలన్న సంగతి ఎంతమందికి తెలుసు? ఈ కోడెక్‌కి ఒకటికి మించిన పేటెంట్ పూల్స్ ఉండడంతో లైసెన్సుల గొడవ మొదటి నుంచీ ఉంది. 2025లో అయితే కొన్ని కంపెనీలు కొన్ని బిజినెస్ ల్యాప్‌టాప్ మోడళ్లలో, ప్రాసెసర్‌కి సత్తా ఉన్నా సరే, హార్డ్‌వేర్ హెచ్‌ఈవీసీని ఆపేసి అమ్ముతున్నాయని వార్తలొచ్చాయి. కాబట్టి "కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కో, సరిపోతుంది" అనే సలహా కూడా ఇప్పుడు గట్టిది కాదు.

ఇక నా లైనక్స్ కథ. డావించి రిజాల్వ్ ఉచిత వెర్షన్ లైనక్స్‌లో ఏళ్ల తరబడి హెచ్.264 గానీ హెచ్.265 గానీ తీసుకోదు, ఏఏసీ ఆడియో అంతకన్నా తీసుకోదు. అన్న దగ్గర కనీసం సౌండ్ అన్నా వచ్చింది, నా దగ్గర రెండూ లేవు. ఇది బగ్ కాదు, వాళ్ల డాక్యుమెంట్లలోనే రాసి ఉంటుంది. రివ్యూల్లో "ఫ్రీ, విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింట్లో పనిచేస్తుంది" అని ఒక్క లైన్‌తో తేల్చేసే వాళ్లు ఈ సంగతి కూడా రాస్తే బాగుండు.

వీఎల్‌సీలో ఆడుతోంది కదా!

కామెంట్లలో ఎప్పుడూ వచ్చే మాట ఇది. వీఎల్‌సీలో ఆడుతుంది, నిజమే. చూడ్డం వేరు, కత్తిరించడం వేరు.

కిరాణా కొట్లో మన ఖాతా పుస్తకం ఊహించుకోండి. ఒకటో తారీఖున మొత్తం బాకీ రాశాడు. రెండో తారీఖున ఆ రోజు తీసుకున్న పప్పు, ఉప్పు మాత్రమే రాశాడు. మూడున ఇంకేదో. పద్దెనిమిదో తారీఖు నాటికి బాకీ ఎంత అని అడిగితే ఒకటి నుంచీ కూడుకుంటూ రావాలి. ఫోన్ వీడియో సరిగ్గా ఇదే చేస్తుంది. అప్పుడప్పుడు ఒక పూర్తి ఫ్రేము రాస్తుంది, మధ్యలో అన్నీ తేడాలే రాస్తుంది. కొన్ని ఫ్రేములైతే ముందు పేజీ, వెనక పేజీ రెండూ చూస్తే గానీ తేలవు. వరసగా చూస్తూ పోతే ఇబ్బంది లేదు, లెక్క దానంతటదే నడుస్తుంది. ఎడిటర్ మాత్రం టైమ్‌లైన్ మీద ముందుకీ వెనక్కీ గెంతుతాడు, మూడు కెమెరాలు ఒకేసారి ఆడిస్తాడు. ప్రతి గెంతుకీ ప్రాసెసర్ ఒకటో తారీఖు నుంచి కూడుకోవాలి. అన్న డెస్క్‌టాప్ ఫ్యాన్ హెలికాప్టర్ లెక్క తిరిగిందంటే తిరగదా మరి.

ఎడిటింగ్ కోసం పుట్టిన కోడెక్‌లు ప్రతి పేజీలోనూ మొత్తం బాకీ రాసేస్తాయి. 2004 నాటి ఎవిడ్ డీఎన్ఎక్స్‌హెచ్‌డీ, దాని తర్వాత 4కె కోసం వచ్చిన డీఎన్ఎక్స్‌హెచ్ఆర్, 2007లో ఆపిల్ తెచ్చిన ప్రోరెస్, ఇవన్నీ అదే జాతి. ఎడియస్ వాడే స్టూడియోలకి తెలిసిన హెచ్‌క్యూఎక్స్ కూడా అంతే. ఏ ఫ్రేము అడిగినా వెంటనే వస్తుంది. దానికి కట్టాల్సిన మూల్యం సైజు.

ఈ సైజు దగ్గరే యూట్యూబ్ ట్యుటోరియల్స్ మనల్ని ముంచుతాయి. "ప్రోరెస్‌లోకి మార్చుకోండి బ్రో" అనేస్తారు. మన నలభై నిమిషాల పాట 4కె హెచ్‌ఈవీసీలో సుమారు 6.8 జీబీ. అదే 4కె ప్రోరెస్ 422లో సెకనుకి 589 మెగాబిట్లు, అంటే నలభై నిమిషాలకి 177 జీబీ. మూడు కెమెరాలకి అర టీబీ దాటిపోతుంది. పైగా ఒక్క కెమెరాకే సెకనుకి 74 ఎంబీ చదవాలి, మూడైతే 220. తిరిగే హార్డ్ డిస్క్ ఉన్న పాత మెషీన్ ఆ పని చెయ్యలేదు. ప్రాసెసర్ కష్టం తీర్చి డిస్క్ నెత్తిన పెట్టినట్టు. అదే 1080పీకి తగ్గించి ప్రోరెస్ ఎల్‌టీలో పెడితే నలభై నిమిషాలకి ముప్పై జీబీ, సెకనుకి 13 ఎంబీ లోపే. ముసలి డిస్క్ కూడా మూడు కెమెరాలు లాగేస్తుంది. చివరికి ఆ వీడియో చూసేది ఫోన్‌లోనో గూడెం స్కూల్లో ప్రొజెక్టర్ మీదో. ఎడిటింగ్ కాపీకి 1080పీ చాలు. 4కె అసలు ఫైలు ఎటూ పోదు కదా, పక్కన భద్రంగా ఉంటుంది.

అయితే అందరికీ ప్రోరెస్ పంపేద్దామా? అక్కడే నాకు ఆ ట్యుటోరియల్స్‌తో పేచీ. విండోస్‌లో చాలా పాత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు ప్రోరెస్ చదవడానికి ఆపిల్ వాళ్ల క్విక్‌టైమ్ మీద ఆధారపడేవి. 2016లో విండోస్ క్విక్‌టైమ్‌కి ఆపిల్ మంగళం పాడింది. సరిచెయ్యని సెక్యూరిటీ లోపాలున్నాయి, తీసెయ్యండని అమెరికా ప్రభుత్వ సైబర్ సంస్థే చెప్పింది. దాన్ని మళ్లీ ఎక్కడో వెతికి స్టూడియో కంప్యూటర్‌లో వెయ్యమనడం నాకు ఇష్టం లేదు. పెళ్లిళ్ల డేటా అంతా అందులోనే ఉంటుంది.

అందుకని అన్నకి పంపింది పాత హెచ్.264నే, కానీ వేరే రకంగా రాసి. 8 బిట్, 4:2:0, 1080పీ, ఫ్రేమ్ రేటు స్థిరంగా, ప్రతి ఫ్రేమూ పూర్తి ఫ్రేమే, సెకనుకి వంద మెగాబిట్లకి దగ్గరగా. కోడెక్ ఇరవై ఏళ్లు దాటినది, ఖాతా పుస్తకం మాత్రం ప్రతి పేజీలో మొత్తం బాకీ ఉన్నది. దీనికి గ్లామర్ లేదు, ఏ రివ్యూలోనూ రాదు. కానీ విండోస్, మ్యాక్, పదేళ్ల కిందటి ప్రాసెసర్, కొత్త ప్రాసెసర్, ఏదీ దీనికి మొహం తిప్పుకోదు. ఒక్కటే ఫైలు పంపాలి, అవతల ఏ మెషీన్ ఉందో తెలియదు అంటే నా ఓటు దీనికే. మ్యాక్ ఫ్రెండ్‌కి ప్రోరెస్ ఎల్‌టీ. నా లైనక్స్‌కి డీఎన్ఎక్స్‌హెచ్ఆర్, ఎంఓవీ డబ్బాలో, ఆడియో పీసీఎం. ప్రోరెస్ గొప్పదా డీఎన్ఎక్స్‌హెచ్ఆర్ గొప్పదా అని ఫోరమ్‌లలో కొట్టుకుంటారు గానీ, ఒకే బిట్‌రేటు దగ్గర మన కళ్లకి తేడా తెలియదు. అవతలి మనిషి మ్యాక్ అయితే మొదటిది, కాకపోతే రెండోది. ఇంతకు మించి ఆలోచించడం టైమ్ వేస్టు.

ఈ మార్చే పని ఎవరు చెయ్యాలి? పంపేవాళ్లే. అదీ ఉన్నవాటిలో బలమైన మెషీన్ మీద. అవతలి వాళ్లకి అసలు ఫైలు పడేసి "కన్వర్ట్ చేస్కో" అనడం అంటే, అందరికన్నా నీరసంగా ఉన్న కంప్యూటర్‌కి అందరికన్నా బరువైన పని చెప్పడం. షటర్ ఎన్‌కోడర్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, మూడు సిస్టమ్‌లలోనూ నడుస్తుంది, లోపల పనిచేసేది ఎఫ్ఎఫ్ఎంపెగ్. హ్యాండ్‌బ్రేక్ మంచిదే గానీ దాని పాత వెర్షన్లకి ప్రోరెస్, డీఎన్ఎక్స్‌హెచ్ఆర్ రావు. అన్నిటికంటే ముందు మీడియాఇన్ఫోతో ఫైలు విప్పి చూడండి. కొన్నిసార్లు కోడెక్ బాగానే ఉంటుంది, బస్తానే నచ్చదు. ఉదాహరణకి ఫైనల్ కట్ ఎంకేవీని ముట్టుకోదు. లోపల హెచ్.264 ఉంటే బస్తా మార్చి ఎంపీ4లో పోస్తే చాలు. దీన్నే రీమక్స్ అంటారు, క్షణాల్లో అవుతుంది, నాణ్యత చుక్క కూడా పోదు. రీమక్స్‌తో అయ్యే పనికి మళ్లీ ఎన్‌కోడ్ చేసే వాళ్లని చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది.

కోడెక్ ఒక్కటే కాదు, ఇంకా ఉన్నాయి

ఫ్రేమ్ రేటు. ఫోన్లు వెలుతురుని బట్టి ఫ్రేముల మధ్య దూరం మార్చేస్తాయి. ముప్పై అని చెప్పి ఇరవై ఎనిమిదీ ముప్పై మధ్య ఊగుతుంటాయి. నలభై నిమిషాల పాటలో మొదట్లో పెదాలు, గొంతు కలిసే ఉంటాయి, చివరికొచ్చేసరికి డోలు దెబ్బ ఒకచోట, చెయ్యి ఒకచోట. మార్చేటప్పుడే స్థిరమైన ఫ్రేమ్ రేటు పెట్టాలి అనేది అందుకే. ఇంకో చిక్కు, మన స్టూడియో కెమెరాలు టీవీ లెక్క ప్రకారం 25 ఫ్రేములు, ఫోన్లు 30. ముప్పైని ఇరవై ఐదు చేస్తే సెకనుకి ఐదు ఫ్రేములు ఎగిరిపోతాయి. కూర్చుని పాడే మనిషి అయితే కనపడదు, కొమ్ము నృత్యం లాంటిదైతే అడుగులు తడబడినట్టు ఉంటుంది. అలాంటప్పుడు తీసేముందే ఫోన్‌ని 25కి మార్చుకోవడం మేలు. ఐఫోన్‌లో పాల్ ఫార్మాట్లు చూపించు అనే స్విచ్ ఉంది, ఆండ్రాయిడ్‌లో బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్ల కింద మినుకుమినుకు కూడా తగ్గుతుంది. ఇది బోనస్.

రంగు. ఖరీదైన ఫోన్లలో హెచ్‌డీఆర్ చాలావరకు ఆన్‌లోనే వస్తుంది. 10 బిట్ ఫైలుని మామూలు టైమ్‌లైన్‌లో పడేస్తే పసుపు బట్టలు తెల్లబారిపోతాయి, మొహాలు సున్నం కొట్టినట్టుంటాయి. కెమెరా పాడైందనుకుంటారు పాపం. సర్దుకోవచ్చు గానీ పాత సాఫ్ట్‌వేర్‌లో నరకం. ఒక్కరే తీసి ఒక్కరే ఎడిట్ చేసుకుంటే హెచ్‌డీఆర్ ఉంచుకోండి, నలుగురి చేతులు మారేదైతే ఆపేసి తీయండి. దీని మీద తిట్టుకునేవాళ్లు తిట్టుకోవచ్చు.

ఐఫోన్ వాడేవాళ్లకి ఒక ముఖ్యమైన సెట్టింగ్. ఫోటోస్‌లో మ్యాక్ లేదా పీసీకి పంపే చోట "ఆటోమేటిక్" అని ఉంటుంది. అలా ఉంటే కేబుల్‌తో విండోస్‌కి కాపీ చేసేటప్పుడు ఫోన్ తనంతట తాను మార్చి ఇవ్వడానికి చూస్తుంది. పెద్ద ఫైళ్లకి మధ్యలో "డివైస్ పనిచేయడం లేదు" అని ఎర్రర్ ఇచ్చి ఆగిపోవడం చాలామందికి అనుభవమే. "కీప్ ఒరిజినల్స్" పెట్టి అసలు ఫైలే బయటికి తీయండి, మార్చే పని మన చేతిలో ఉంచుకోండి.

ఇక రవాణా. చర్ల అవతల గూడేల్లో సిగ్నల్ కోసం చెట్టెక్కాల్సిన చోట్లు ఇంకా ఉన్నాయి, అక్కడ ముప్పై జీబీ క్లౌడ్‌కి ఎక్కించండి అంటే నవ్వుతారు. మా ఫైళ్లు భద్రాచలం నుంచి హైదరాబాద్‌కి ఆర్టీసీ కార్గోలో హార్డ్ డిస్క్ రూపంలో వెళ్లాయి. రాత్రి బస్సు బ్యాండ్‌విడ్త్‌ని తక్కువ అంచనా వెయ్యకండి! డిస్క్ మాత్రం ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ అయి ఉండాలి. ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, ఎన్‌టీఎఫ్ఎస్ అయితే మ్యాక్ చదువుతుంది గానీ దాని మీద రాయదు. 2019లో మైక్రోసాఫ్ట్ స్పెసిఫికేషన్ బయటపెట్టాక ఎక్స్‌ఫ్యాట్ లైనక్స్ కెర్నల్‌లోకి కూడా వచ్చేసింది. ఒక చిన్న జాగ్రత్త, కాపీ అయ్యాక డిస్క్‌ని ఎజెక్ట్ చేసి తీయండి, ఎక్స్‌ఫ్యాట్‌కి జర్నల్ లేదు. వాట్సాపే దిక్కయితే వీడియోగా కాదు, డాక్యుమెంట్‌గా పంపండి. 2 జీబీ వరకు ఉన్న ఫైలు ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది.

ఏవీ1 సంగతేంటి అంటారా? 2018లో వచ్చింది, రాయల్టీ లేదు, యూట్యూబ్‌కి ప్రాణం. జనానికి చేర్చడానికి బాగుంటుంది, ఎడిటర్ చేతికివ్వడానికి బాగుండదు. దాని ఖాతా పుస్తకం హెచ్‌ఈవీసీ కన్నా చిక్కుగా ఉంటుంది.

దాచుకోవడం విషయంలో నాది మొండి అభిప్రాయం. ఫోన్ ఇచ్చిన అసలు ఫైలు, అది హెచ్‌ఈవీసీ అయినా ఏదైనా, ఒక్క బిట్ కూడా మార్చకుండా రెండు డిస్క్‌ల మీద, రెండు ఊళ్లలో ఉండాలి. ఎడిటింగ్ కాపీలు పని అయ్యాక పారేయొచ్చు. "భవిష్యత్తు కోసం" అని అసలుని ఇంకో కోడెక్‌లోకి మార్చి అసలుని తీసేసేవాళ్లు ఉన్నారు, దయచేసి వద్దు. పోయిన వివరం తిరిగి రాదు. అలాగని అసలు ఫైలుని బీరువాలో పెట్టి మర్చిపోవడం కూడా కుదరదు. 2019లో మ్యాక్ కాటలినాతో 32 బిట్ క్విక్‌టైమ్ కోడెక్‌లకి సపోర్ట్ పోయింది, సోరెన్సన్ వీడియో 3 లాంటి వాటిలో ఉన్న పాత ఫైళ్లు ఆ రోజు నుంచి అక్కడ తెరుచుకోవడం మానేశాయి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ వాటిని ఇంకా చదువుతుంది కాబట్టి బతికిపోయాం. నాలుగైదేళ్లకోసారి తెరిచి చూడాలి, చూసిన ప్రతిసారీ చెక్‌సమ్ సరిపోల్చాలి. 2000ల నాటి పెళ్లి మినీడీవీ క్యాసెట్లు మీ ఇంట్లో ఉంటే ఫైర్‌వైర్‌తో డీవీ డేటాని ఉన్నది ఉన్నట్టు దించుకోండి, గంటకి 13 జీబీ అవుతుంది. వీహెచ్ఎస్ లాంటి అనలాగ్ టేపులకైతే ఎఫ్ఎఫ్‌వీ1. నష్టం లేని కుదింపు, ఓపెన్, 2021లో ఐఈటీఎఫ్ ఆర్ఎఫ్‌సీ కూడా వచ్చింది, ఆర్కైవ్‌లు వాడేది అదే. ఎడిటింగ్‌కి మాత్రం పనికిరాదు, బరువు.

పెద్దాయన పాట చివరికి గంటలోపు వీడియోగా తయారైంది. కోయలో ఉన్నదాన్ని తెలుగు సబ్‌టైటిల్స్‌తో పెట్టారు, ఆ పని చేసింది గూడెం కుర్రాళ్లే. వాళ్లకిచ్చింది 1080పీ హెచ్.264 మామూలు ఎంపీ4, ఏఏసీ ఆడియో, ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో పట్టేలా 4 జీబీ లోపు. అక్కడున్న టీవీ, డీటీహెచ్ బాక్సు యూఎస్‌బీ పోర్టు, స్కూల్ ప్రొజెక్టర్, అన్నింట్లో ఆడింది.

మన సైట్ ఎడిటర్‌ని ఒకటి అడిగాను. ఇకపై నేను రాసే ప్రతి ఫోన్ రివ్యూలో కెమెరా మార్కుల కింద ఒక లైన్ అదనంగా ఉంటుంది. డబ్బా తెరిచిన వెంటనే, సెట్టింగ్స్ ముట్టుకోకుండా తీసిన ఐదు నిమిషాల వీడియో నాలుగో తరం ఐ5 విండోస్ మెషీన్‌లో, మ్యాక్‌లో, లైనక్స్‌లో తెరుచుకుందా లేదా, టైమ్‌లైన్ మీద కదిలిందా లేదా, హెచ్.264కి మార్చుకునే స్విచ్ ఉందా, ఉంటే ఎన్ని మెనూల లోపల దాచారు. టెస్ట్ మెషీన్ కోసం కొత్తది కొనక్కర్లేదు. అన్న తన డెస్క్‌టాప్ ఇస్తానన్నాడు, పెళ్లిళ్ల సీజన్ కాని రోజుల్లో.